మొదటి పేజీలో మల్లవ్వ

కోరుట్లలో లింగన్న ఇంటి ముందుగది మీద ఆ యేడు ఇద్దరి కన్ను పడింది. ఒకరు ఇంటి కోడలు ప్రణీత. రెండోవాడు కోళ్ల వ్యాపారం చేసే దేవేందర్. ప్రణీత అప్పటికే ఆ గదిలో ఒడిబియ్యం సామాను దుకాణం పెట్టుకుంది. దేవేందర్ అక్కడ చికెన్ సెంటర్ పెడతానని రోజూ వచ్చి అరుగు మీద కూర్చుంటున్నాడు. కోడలు అద్దె ఇవ్వదు, దేవేందర్ ఇస్తాడు. ఏ మామగారికైనా ఇందులో తల బద్దలు కొట్టుకోవాల్సిందేముంది? కానీ లింగన్నకు కోడలంటే ప్రాణం. అందుకని పాపం బాగానే కొట్టుకున్నాడు.

"శ్రావణం ఎల్లేదాంక చూస్త బిడ్డా," అన్నాడు చివరికి. "శ్రావణంల చికెన్ ఎట్లాగూ తక్కువ పోతది, దేవేందర్‌కు సుత తొందర లేదు. అమాస అయినంక గూడ గిట్లనే ఈగలు తోలుకుంట కూసుంటే మాత్రం తాళంచెవి ఆయన చేతుల పెడ్త. ఏమనుకోకు."

ఏమనుకోకు అన్నంత మాత్రాన అనుకోకుండా ఉంటారా ఎవరైనా? ఆ ఇంట్లో వంటగది అత్తది, పెరడు మామది, టీవీ ఎవరి చేతిలో రిమోట్ ఉంటే వాళ్లది. భర్త గంగాప్రసాద్ దుబాయిలో బండి నడుపుతాడు. జగిత్యాలలో డిగ్రీ చదివి, పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక ప్రణీత 'నాది' అనుకున్న మొదటి జాగా ఆ ముందుగదే. దాన్ని కోళ్ల గంపలకు అప్పగించాలంటే ఆమెకు మనసొప్పడం లేదు.

పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటివాళ్లు పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, రవికబట్ట ఒడిలో పోసి పంపుతారు. ఆమె ఆ బియ్యాన్ని అత్తగారింటికి తెచ్చి వండి నలుగురికీ పెడుతుంది. తల్లిగారిల్లు నన్ను మరిచిపోలేదని చెప్పుకోవడానికి ఈ దిక్కున ఆడవాళ్లకు అంతకన్నా పెద్ద సాక్ష్యం లేదు. ఆ సామానంతా ఒక్క బుట్టలో సర్ది అమ్మడం ప్రణీత వ్యాపారం. ఆమె తల్లి పెళ్లికి ముందే పోయింది. జగిత్యాలలో ఒక్కడే ఉండే తండ్రికి ఇవన్నీ తెలియవు. అడగడం ఈమెకు చేతకాలేదు. అందరి ఒళ్లూ నింపే సామాను అమ్ముతూ కూర్చున్న ఆ పిల్ల ఒడి మాత్రం ఎవరూ నింపలేదు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు.

దుకాణానికి ఒక వెబ్‌సైట్ కూడా ఉంది. ప్రణీతే వీడియోలు చూసి నేర్చుకుని తయారు చేసింది. దాని పేరు 'తెలంగాణ ట్రెడిషనల్ రిచువల్ కిట్స్'. ఆ పేరు ఇంట్లో నోరు తిరిగేది ఆమె ఒక్కదానికే.

ఒకరోజు అత్త మల్లవ్వ చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. మల్లవ్వ ఒకప్పుడు వార్డు మెంబరు. పదవి పోయి చాలా ఏళ్లయినా నడక మాత్రం ఇంకా మెంబరు నడకే.

"గీ కీవర్డులు కీవర్డులు అంటవ్, గదేంది బిడ్డా?"

"మంది ఫోన్‌ను ఏమని అడుగుతరో గా మాట అత్తమ్మా. గా మాట మన పేజీల సరిగ్గ ఉంటే, అడిగినోళ్లకు మనల్ని ముందట చూపెడ్తది. లేకుంటే ఎన్కకు పడ్తం. ఎన్కపేజీలు ఎవలు చూడరు."

"అయితే ఫ్లెక్సీ లెక్కనన్నట్టు. అందరి పేర్లు ఎయ్యి. ఒక్క ఊరు ఇడిచిపెట్టినా అలుగుతరు."

ప్రణీతకు ఆ మాట నచ్చింది. పేజీ అడుగున కోరుట్ల ఒడిబియ్యం, మల్లాపూర్ ఒడిబియ్యం, మల్యాల ఒడిబియ్యం, ఎల్లంతకుంట ఒడిబియ్యం, బెస్ట్ ఒడిబియ్యం, చీప్ అండ్ బెస్ట్ ఒడిబియ్యం అంటూ తోరణం కట్టేసింది. ఇలా మాటలు కుక్కితే పేజీ ఇంకా వెనక్కి పోతుందని వీడియోలో పంతులు చెప్పనే చెప్పాడు. కానీ ఆయన ఆ సంగతికి వచ్చే సమయానికి ప్రణీత వీడియో ఆపి పొయ్యి మీద పాలు చూడ్డానికి పోయింది. పాలు పొంగలేదు గానీ వెబ్‌సైట్ మునిగింది.

ఇక లాభం లేదని మల్లవ్వ చీర కొంగు నడుముకు చుట్టింది.

"ఎన్నికలల్ల ఇల్లిల్లు తిరిగి గెలిచినదాన్ని. గీ గూగుల్ ఎంత? పా, నడువ్!"

వాడలో అరుగుల మీద ఆడవాళ్లు బీడీలు చుడుతూ కూర్చుంటారు. ఒళ్లో చాట, పక్కన ఫోన్. మల్లవ్వ ఒక్క గడప విడిచిపెట్టలేదు.

"ఏయ్ వనితా, ఫోన్ తియ్యి. ఒడిబియ్యం కిట్ అని కొట్టు. కిందికి పో. ఇంకా కిందికి. ఆఁ, గా ఇంగిలీషు పేరే మాది. నొక్కు. రేపు పొద్దుగాల లేవంగనే మళ్ల నొక్కు."

వనిత నొక్కింది. నొక్కి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "గది సరే గని పెద్దమ్మా, కుడుకలు ఎన్ని పెట్టాలె? మా అత్తను అడిగితే మీ అవ్వ నేర్పలేదా అంటది."

"గవన్ని అటెన్క. ముందుగాల నొక్కుడు సంగతి చూడు," అని మల్లవ్వ తర్వాతి గడపకు కదిలింది.

అక్కడ రాజవ్వ, తెచ్చిన బియ్యం ఏ వారం వండుకోవాలని అడిగింది. మూలమీద నర్సన్న, కూతురికి పోసేటప్పుడు అల్లునికి కూడా ఏమన్నా పెట్టాలా అని మీసం దువ్వుకుంటూ అడిగాడు. ఎవరికీ సమాధానం దొరకలేదు. ఓట్లడిగేటప్పుడు నాయకులు నీళ్ల సంగతి వింటారా? మల్లవ్వ కూడా అంతే. గంగాప్రసాద్‌కు కూడా ఫోన్ పోయింది. అతను తల్లితో, "అవ్వా, గిట్ల నొక్కితే అయితదా?" అంటూనే దుబాయిలో తన రూములో వాళ్లందరితో నొక్కించాడు.

కొద్ది రోజులకు అద్భుతం జరిగింది. వాడలో ఎవరి ఫోన్‌లో అడిగినా మొట్టమొదట ప్రణీత దుకాణమే. లింగన్న తన ఫోన్‌లో చూశాడు, మొదటిదే. దేవేందర్ ఫోన్ లాక్కుని చూశారు, అందులోనూ మొదటిదే. రోజూ అదే అరుగు మీద కూర్చునే మనిషి, అతనితో కూడా మల్లవ్వ నొక్కించే ఉంటుంది. గెలిచినంత సంబరంగా ఆమె వాడంతా జిలేబీలు పంచింది. దేవేందర్ ముఖం వేలాడేసుకుని తన వంతు జిలేబీ తిన్నాడు.

ఒక్క ఆర్డర్ కూడా రాలేదు.

రవికబట్ట తేవడానికి ప్రణీత సిరిసిల్లకు పోయినప్పుడు గానీ సంగతి తెలియలేదు. బట్టల రాజయ్య గజాలు కొలుస్తుంటే, ఆమె గొప్పగా, "కాకా, మీ ఫోన్‌ల ఒడిబియ్యం కిట్ అని కొట్టుండ్రి," అంది. ఆయన కళ్లజోడు పెట్టుకుని కొట్టాడు. దుకాణం జాడ లేదు.

"ఇంకా కిందికి పోండ్రి కాకా."

"ఎంత కిందికి పోవాలె బిడ్డా? బాయిల దిగినట్టున్నది."

అప్పుడు వెలిగింది ప్రణీతకు. రోజూ నొక్కే ఫోన్ తనకు అలవాటైనదాన్నే ముందు చూపెట్టిందంతే. వాళ్లు గెలిచింది వాళ్ల వాడలోనే.

రాజయ్య మాత్రం ఫోన్ వదల్లేదు. మైకు గుర్తు నొక్కి, నోటికి దగ్గరగా పెట్టుకుని, పక్కింటి ముసలమ్మను అడిగినట్టు అడిగాడు. "బిడ్డకు ఒడిబియ్యం ఎన్నో యేడు పోయాలె?" ఫోన్ ఏదో సంబంధం లేని వంటల వీడియో చూపించింది. ఆయన నిట్టూర్చాడు. "గిదీ నా బాధ. మా ఇంటామెను అడిగితే నవ్వుతది. గందుకే ఎవలు లేనప్పుడు దీన్ని అడుగుత. ఇది సుత చెప్పది."

జగిత్యాల మీదుగా తిరుగు బస్సులో ప్రణీత బట్టల మూట మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. చెవిలో రాజయ్య మాట తిరుగుతూనే ఉంది. ఆయనకు కావలసింది కిట్టు కాదు. వనితకు కావలసిందీ కిట్టు కాదు. నర్సన్నకూ, రాజవ్వకూ కాదు. ఇంట్లో అడిగితే నవ్వుతారని నోట్లో దాచుకున్న ప్రశ్నలవి. ఎవరూ లేనప్పుడు ఫోన్‌ను అడిగే మాటలవే. అత్తా తనూ గడప గడపకూ తిరిగినప్పుడు వాళ్లంతా ఆ మాటలు చేతిలో పెడితే, అటెన్క అని తోసేసి వచ్చారు. మల్యాల దగ్గర బస్సు ఆగేసరికి ప్రణీతకు తనను తనే మొట్టుకోవాలనిపించింది. పక్కన కూర్చున్నావిడ చూస్తుందని ఊరుకుంది.

ఇంటికి రాగానే పేజీ అడుగున ఉన్న తోరణమంతా పీకేసింది. ఇంగ్లీషు పేరు తీసి 'మల్లవ్వ ఒడిబియ్యం' అని పెట్టింది. ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ. జనం అడిగిన మాటే, అడిగిన తీరుగానే, పేజీకి శీర్షిక. దాని కింద సమాధానం.

"ఇగ మీరు చెప్పుండ్రి అత్తమ్మా, నేను రాస్త. కుడుకలు ఎన్ని?"

మల్లవ్వ కొంగు సర్దుకుంది. "గది... ఇంటింటికి ఒక తీరుంటది."

"మనింట్ల ఏ తీరు?"

"బర్లకు కుడితి పెట్టలే," అని లేచి పోయింది. ఆ ఇంట్లో బర్రెలు లేక ఎన్నేళ్లయిందో!

రెండోసారి అడిగితే కోపం చేసింది. మూడోసారి అడిగితే మెత్తబడింది. "ఎవలకు చెప్పకు బిడ్డా. నాకు సుత పక్కాగ తెల్వది. ఎవలన్న అడిగితే మల్లాపూర్ల మా వదినెకు ఫోన్ చేసి కనుక్కొని, నాకే ఎరుక ఉన్నట్టు చెప్పేది. ఆమె పోయినంక ఏది నోటికస్తె గది చెప్తున్న. మెంబరును గదా, ఎవలు ఎదురడగలే."

ప్రణీతకు నవ్వాగలేదు. మల్లవ్వ కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత తనూ పడీ పడీ నవ్వింది. నవ్వయ్యాక ఇద్దరూ మల్లాపూర్ బస్సెక్కారు.

మల్లాపూర్‌లో వదినె చెల్లెలు లచ్చవ్వ అన్నీ చెప్పింది. సంతోషంగా రాసుకుని మల్యాల పోతే అక్కడి పెద్దమ్మ, "గిట్ల ఎవలు చెప్పిన్రు? వాళ్లకేం తెలుసు?" అని ఇంకో తీరు చెప్పింది. జగిత్యాలలో మూడో తీరు. సిరిసిల్లకు ఫోన్ చేస్తే రాజయ్య భార్య మొదట నవ్వి, తర్వాత నాలుగో తీరు చెప్పింది. ఎవరికి వాళ్లు తమదే సరైనదని ఒట్లు పెట్టుకున్నారు. ఏది రాయాలో తెలియక ప్రణీత తల పట్టుకుంటే, మల్లవ్వ తేల్చేసింది.

"అన్ని రాయి. మల్లాపూర్ దిక్కు గిట్ల, సిరిసిల్ల దిక్కు గట్ల అని రాయి. కింద నా మాట గూడ రాయి: మీ ఇంటి తీరు ఏదైతే గదే మంచిది, ఒక కుడుక తక్కువైతే ఆడబిడ్డ ఏం తక్కువ గాదు."

ప్రణీత ఆ మాటలు ఒక్క అక్షరం దిద్దకుండా ఎక్కించింది. దిద్దితే అది మల్లవ్వ కాదు.

చివరికి ఒక్క ప్రశ్న మిగిలింది. ప్రణీత కంప్యూటర్ వైపే చూస్తూ అడిగింది. "అమ్మ లేని బిడ్డకు ఒడిబియ్యం ఎవలు పోస్తరు అత్తమ్మా? ఎవలో అడిగిన్రు."

ఎవరు అడిగారని మల్లవ్వ అడగలేదు. కోడలి వీపు వైపు కాసేపు చూసింది. "వదినె పోస్తది. పిన్ని పోస్తది. తల్లి వరసోళ్లు ఎవలైనా పోస్తరు. ఎవలు లేకుంటే కోరుట్లల మా ఇంటికి రా బిడ్డా, నేను పోస్త. గట్ల రాయి."

శ్రావణం సగం గడిచాక ఫోన్లు మొదలయ్యాయి. ముందు జగిత్యాల నుంచి, తర్వాత వేములవాడ దిక్కు నుంచి. అడిగేవాళ్లు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ. అయినా బుట్టలు కదిలాయి. ఈసారి వాడ ఫోన్లను నమ్మకుండా ప్రణీత సిరిసిల్లకు ఫోన్ చేసింది. "మొదటి పేజీలనే ఉన్నవ్ బిడ్డా!" అని అరిచాడు రాజయ్య. ఒక పెళ్లిలో ఎవరో పెద్దావిడ పక్కకు పోయి ఫోన్‌ను అడిగితే, ఫోన్ మల్లవ్వ మాటలే చదివి వినిపించిందట. 'ఒక కుడుక తక్కువైతే ఆడబిడ్డ ఏం తక్కువ గాదు.' ఆ సంగతి విన్నరోజు మల్లవ్వ అన్నం తినడం కూడా మరిచిపోయి వాడంతా చెప్పుకుంది.

లింగన్న మాత్రం గడ్డం గోక్కున్నాడు. "అడుగుడే ఎక్కువున్నది గని బేరం తక్కువున్నది బిడ్డా. నేను దేవేందర్‌కు మాటిచ్చిన." మాట ఇచ్చిన మనిషి ఏం చేస్తాడు? అమావాస్య అయిపోయింది. మర్నాడు పొద్దున ప్రణీత బుట్టలన్నీ లోపలికి సర్దడం మొదలుపెట్టింది. కళ్లు తుడుచుకోవడం ఎవరూ చూడకూడదని గోడవైపు తిరిగి సర్దింది.

దేవేందర్ కొలిచే టేపుతో వచ్చాడు. లింగన్న తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఇంటి ముందు ఆటో ఆగింది. ఒక పడుచుపిల్ల, ఆమె వెనక ఒక అబ్బాయి దిగారు. పిల్ల కొత్త చీర కట్టుకుని ఉంది. గడప దగ్గరే ఆగిపోయింది.

"మల్లవ్వంటే ఎవలు?"

"నేనే. ఏం గావాలె బిడ్డా? బుట్టనా, ఇడి సామానా?"

పిల్ల అబ్బాయి వైపు చూసింది. అబ్బాయే చెప్పాడు. "మాది ఎల్లంతకుంటమ్మా. నా పేరు చందు, ఈమె మా ఇంటామె సుధ. ఈమెకు అవ్వ లేదు, అన్నదమ్ములు లేరు. మొన్న ఫోన్‌ల అడిగితే..." అని ఫోన్ ముందుకు చాపాడు. "గిక్కడ పోస్తరని చెప్పింది."

తెర మీద మల్లవ్వ మాటలే ఉన్నాయి. 'ఎవలు లేకుంటే కోరుట్లల మా ఇంటికి రా బిడ్డా, నేను పోస్త.'

అందరూ అంటారు, రా బిడ్డా అని. నిజంగా ఎవరైనా బస్సెక్కి వస్తారని ఎవరు అనుకుంటారు? మల్లవ్వ ఫోన్ వైపు చూసింది, పిల్ల వైపు చూసింది. తర్వాత రెండు చేతులతో ఆ పిల్ల ముఖం పట్టుకుంది.

"అచ్చినవా బిడ్డా? మంచిగ అచ్చినవ్."

లింగన్న తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "ఇంకా చూస్తవేందే? పీట ఎయ్యి. ప్రణీతా, నలుగురు ముత్తైదులను పిలుసుకరా పో."

ప్రణీత వాడలోకి పరుగెత్తింది. వనిత, రాజవ్వ చాటలు పక్కన పెట్టి, చేతుల పొగాకు కడుక్కుని వచ్చారు. దుకాణంలోని బియ్యం పొట్లం విప్పబోతే మల్లవ్వ కసిరింది. "అమ్మేటియి గాదు, మనింటియి తే. మీ మామ పండించినయి." పసుపు కలిపారు. సుధను తూర్పు ముఖంగా కూర్చోబెట్టారు. మల్లవ్వ దోసిలితో బియ్యం పోస్తుంటే ఆ పిల్ల తల వంచుకుని ఏడ్చింది.

"ఏడ్వకు, బియ్యం తడుస్తయి," అంది మల్లవ్వ. తన కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు.

కుడుకలు ఎన్ని పెట్టాలని వనిత గుసగుసగా అడిగింది. ఎల్లంతకుంట సిరిసిల్ల దిక్కే కాబట్టి, సిరిసిల్ల తీరు ఎలాగో పేజీలో చూసి అలాగే పెట్టారు.

దేవేందర్ టేపు చుట్టుకుంటూ అడిగాడు. "మరి నా సంగతేంది మామా?"

"ఆడబిడ్డలు ఎతుక్కుంట అచ్చే జాగ ఇది. ఈడ కోళ్లు ఎట్ల పెడ్తనయ్యా? మాట తప్పిన, తిట్టుకో. మూలమీద నర్సన్న షట్టర్ ఖాళీగున్నది, నేను మాట్లాడిపిస్త. గిప్పుడైతే మంచి కోడిని చూసి కోసుకరా. శ్రావణం ఎల్లింది గదా, ఆడబిడ్డను ఉత్త పప్పుతోని పంపుతమా?"

దేవేందర్ తిట్టుకోలేదు. కోడి తెచ్చి, అందరితోపాటు కూర్చుని తిని పోయాడు.

సుధ, చందు బండెక్కాక ప్రణీత కిందపడ్డ పసుపు బియ్యం గింజలు ఏరుతోంది. "అత్తమ్మా, గా మాట పేజీల నుంచి తీసెయ్యాల్నా? ఇంకా ఎవలన్న అస్తరేమో."

"అస్తె రానీ. తియ్యకు." మల్లవ్వ ఆమె పక్కన కూలబడింది. తనూ గింజలు ఏరడం మొదలుపెట్టింది. "గా ప్రశ్న వాడల ఎవలు అడగలే. నేను సుత నీతోని తిరిగిన గదా, నాకు ఎరుకనే."

ప్రణీత తల ఎత్తకుండానే ఇంకో గింజ ఏరింది.

"నీకు నేను పోయరాదు, అత్తనైతిని. అన్ని దిక్కుల అడిగిన, ఏ ఊరి తీరుల గూడ అత్త పోయదట. మల్లాపూర్ లచ్చవ్వను పట్టిన. అటు తిప్పి ఇటు తిప్పి లెక్క చూస్తే మీ అవ్వకు చెల్లె వరస అయితది. ఐతారం అస్తది. మీ బాపుకు గూడ ఫోన్ చేసిన."

ఆదివారానికి ఇంకా ఎన్ని రోజులుందో ప్రణీత వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. అత్త భుజానికి తల ఆనించింది. అంతలో ఫోన్ మోగింది. జగిత్యాల నుంచి తండ్రి.

"బిడ్డా, ఐతారం అస్తున్న. ఏమేం తేవాల్నో తెల్వక ఫోన్‌ను అడిగిన. ఎవలో మల్లవ్వట, అన్ని మంచిగ చెప్పింది. రవికబట్ట కొన్న, కుడుకలు కొన్న. అవుగనీ బిడ్డా, గా మల్లవ్వ మీ అత్తనేనా?"

"ఆఁ బాపూ, మా అత్తనే," అంది ప్రణీత. మల్లవ్వ ఫోన్ లాక్కుని, కుడుకలు ముక్కిపోయినవి కాకుండా చూసి తెమ్మని వియ్యంకుడికి గట్టిగా చెప్పింది.